మార్కాపురం ఆస్తి, అమెరికా లెక్క

అమెరికా పౌరుడు డల్లాస్‌లో ఉన్నా, దోర్నాలలో ఉన్నా ఏటా ఆ దేశానికి తన ఆదాయం లెక్క చెప్పాలి. మనిషి ఎక్కడ ఉంటున్నాడని కాక ఏ దేశపు పౌరుడని చూసి పన్ను వేసేవి లోకంలో రెండే దేశాలు: ఒకటి అమెరికా, రెండోది ఆఫ్రికాలోని ఎరిట్రియా. అమెరికాలో ఈ సూత్రం గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ వర్తిస్తుంది. విదేశాల్లో ఉండే అమెరికన్లు డబ్బు ఎలా సర్దుకోవాలో చెప్పే పుస్తకాలు ఇంగ్లీషులో బోలెడు. అవన్నీ లండన్‌లో బ్యాంకు ఉద్యోగం చేసే అమెరికన్‌నో, పోర్చుగల్‌లో పింఛను మీద బతికే అమెరికన్‌నో మనసులో పెట్టుకుని రాసినవి. తర్లుపాడు దగ్గర ఐదెకరాల మెట్ట, మార్కాపురంలో ఒక డాబా, నాన్నతో కలిపి బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్, రెండు ఎల్‌ఐసీ పాలసీలు, ప్రోనోట్ల మీద తిరిగే నాలుగు లక్షలు ఉన్న అమెరికన్ ఆ పుస్తకాల్లో కనిపించడు. మన ప్రాంతంలో ఉన్నది ఆ అమెరికనే.

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970 ఫిబ్రవరి 2 దాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ రోజు ఒంగోలు జిల్లాలో కలిశాయి, 1972లో ఆ జిల్లాకే ప్రకాశం పేరు వచ్చింది. జిల్లా మారినా వాన మారలేదు. వర్షం మీద నడిచే మెట్ట సేద్యం, అడుగంటే బోర్లు, ఫ్లోరైడు నీళ్లు, ఎప్పటికి పూర్తవుతుందో అని తరాలు ఎదురుచూసిన వెలిగొండ ప్రాజెక్టు. పలకల పరిశ్రమ కొందరికి అన్నం పెట్టింది, నోటు పుస్తకం వచ్చాక ఆ పలకకూ గిరాకీ తగ్గింది. కాస్త చదువు అబ్బిన పిల్లల్ని ఇంజినీరింగు చదివించి బయటికి పంపడం ఇక్కడి మధ్యతరగతి రైతు, టీచరు కుటుంబాలకు మిగిలిన దారి. అలా వెళ్లినవాళ్లలో కొందరు ఇప్పుడు అమెరికా పౌరులు. వాళ్ల ఆస్తి, అమ్మానాన్నలు, వారసత్వం మాత్రం ఇక్కడే ఉన్నాయి.

రెండు దేశాలూ పన్ను వేస్తే ఎలా అన్నది అందరి మొదటి భయం. దానికి చాలావరకు మందు ఉంది. భారత్, అమెరికాల మధ్య ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం మీద 1989 సెప్టెంబరు 12న సంతకాలయ్యాయి, 1990 డిసెంబరు 18 నుంచి అది అమల్లో ఉంది. ఇక్కడి ఆదాయం మీద ఇక్కడ కట్టిన పన్నును అక్కడ కట్టాల్సిన దాంట్లోంచి తగ్గించుకోవచ్చు. అసలు దెబ్బ తగిలేది పన్ను ఉన్న చోట కాదు, పన్ను లేని చోట. ఇక్కడ కట్టింది సున్నా అయితే అక్కడ తగ్గించుకునేదీ సున్నా. మన చట్టం రైతుకు, చిన్న పొదుపరికి, ప్రవాసికి ఇచ్చిన మినహాయింపులను అమెరికా చట్టం గుర్తించదు. ఈ ప్రాంతపు కుటుంబాల ఆస్తి అంతా దాదాపుగా ఆ మినహాయింపుల మీదే నిలబడి ఉంది.

ఎవరీ అమెరికన్లు

మన దగ్గర అమెరికా లెక్క చెప్పాల్సినవాళ్లు మూడు రకాలు. మొదటిది, పాతికేళ్లు అక్కడ ఉద్యోగం చేసి, పౌరసత్వం తీసుకుని, అమ్మానాన్నల కోసమో మనసు గుంజో తిరిగొచ్చినవాళ్లు. రెండోది, నలభైల్లో ఉండి, పిల్లలతో సహా వచ్చి, ఇక్కడి నుంచే అమెరికా కంపెనీకి పనిచేసేవాళ్లు. ఈ రెండు రకాలవాళ్లకూ తమ మీద అమెరికా పన్ను ఉందని కనీసం తెలుసు.

మూడో రకానికి తెలియదు. కొడుకో కూతురో పౌరసత్వం వచ్చాక అమ్మానాన్నలకు గ్రీన్‌కార్డు తీయిస్తారు. పెద్దవాళ్లు ఎండాకాలం న్యూజెర్సీలో, మిగతా ఏడాదంతా గిద్దలూరులో. రిటైరైన టీచరుకు పింఛను వస్తుంది, గ్రాట్యుటీ, పీఎఫ్ సొమ్ము బ్యాంకులో ఉంటుంది. గ్రీన్‌కార్డు చేతిలో ఉన్నన్నాళ్లు ఆ టీచరు అమెరికా దృష్టిలో పన్ను చెల్లింపుదారే. పింఛను, డిపాజిట్ వడ్డీ, కౌలు అన్నీ అమెరికా రిటర్నులో చూపాలి. ఆర్నెల్లకు ఒకసారి వెళ్లివస్తే కార్డు నిలబడుతుందా అని అడిగే కుటుంబాలను చూశాం కానీ, ఆ కార్డుతో పాటు రిటర్ను కూడా వస్తుందా అని అడిగినవాళ్లు అరుదు. ఇంకో చిక్కు. కార్డు గడువు దాటి దానంతటదే చెల్లకుండా పోయినా పన్ను బాధ్యత దానంతటదే పోదు. దాన్ని వదులుకుంటున్నామని ఫారం పెట్టి అధికారికంగా తిరిగి ఇచ్చేయాలి. గడచిన 15 ఏళ్లలో 8 ఏళ్లు కార్డు ఉన్నవాళ్లకు వదులుకోవడం కూడా పన్ను సంఘటనే. నికర ఆస్తి 20 లక్షల డాలర్లు దాటితే, ఆ రోజున ఆస్తులన్నీ అమ్మేసినట్టు భావించి లాభం మీద పన్ను వేసే నిబంధన ఉంది. కాబట్టి అమ్మానాన్నలకు ఏటా రెండు మూడు నెలల చూపు చాలు అనుకుంటే విజిటర్ వీసాయే మేలు. గ్రీన్‌కార్డు గౌరవ పత్రం కాదు.

ఇక్కడ సున్నా, అక్కడ పన్ను

వ్యవసాయ ఆదాయంతో మొదలుపెడదాం. కందులు అమ్మినా, మిరప అమ్మినా, బత్తాయి తోట కౌలుకిచ్చినా భారత ప్రభుత్వానికి ఆదాయపు పన్ను లేదు. అమెరికా పౌరుడి చేతికి వచ్చిన ఆ సొమ్ము అమెరికాలో మామూలు ఆదాయం. ఏడాదికి లక్ష రూపాయల కౌలు పెద్ద మొత్తం కాదు, దాని మీద పడే పన్నూ పెద్దది కాదు. కానీ దాన్ని దాస్తే మిగతా రిటర్ను అంతా అనుమానాస్పదం అవుతుంది.

భూమి అమ్మకం దగ్గర మొత్తం పెద్దదవుతుంది. పది వేలకు పైబడి లక్షలోపు జనాభా ఉన్న మున్సిపాలిటీ హద్దు నుంచి గగనమార్గాన 2 కిలోమీటర్లు దాటితే, అక్కడి సాగుభూమిని మన ఆదాయపు పన్ను చట్టం పన్ను పడే ఆస్తిగానే లెక్కించదు. 2011 జనాభా లెక్కల్లో మార్కాపురం జనాభా లక్షలోపే, గిద్దలూరుదీ అంతే. అంటే పట్టణం చుట్టూ ఆ చిన్న పట్టీ వదిలేస్తే ఈ ప్రాంతంలోని మెట్ట, మాగాణి దాదాపు అంతా ఈ మినహాయింపులోకి వస్తుంది. ఎకరం కోటికి అమ్మినా ఇక్కడ లాభం మీద పన్ను లేదు. అమెరికాలో మాత్రం దీర్ఘకాల లాభం మీద చాలామందికి 15 శాతం, ఆదాయం ఎక్కువున్నవాళ్లకు 20 శాతం, దాని మీద ఇంకో 3.8 శాతం. కాలిఫోర్నియాలో ఉంటే రాష్ట్రం పన్ను వేరు. విదేశంలో కట్టిన పన్నును ఆ రాష్ట్రం తగ్గించుకోనివ్వదు కూడా. 2025 నవంబరులో మార్కాపురం కేంద్రంగా కొత్త జిల్లాకు ప్రభుత్వం పచ్చజెండా ఊపాక ఇక్కడి భూముల మీద కన్ను వేసినవాళ్లు పెరిగారు. డాలర్లలో లెక్క చెప్పాల్సిన అన్నదమ్ములు ఉన్న ఇంట్లో ఈ బేరం మాట్లాడేముందు రెండు లెక్కలు వేసుకోవాలి.

వెలిగొండ ముంపు గ్రామాల సంగతీ ఇదే. 2013 భూసేకరణ చట్టం కింద వచ్చే పరిహారానికి మన దేశంలో ఆదాయపు పన్ను లేదు. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల వైపు భూముల్లో అమెరికా పౌరసత్వం ఉన్న వారసుడికి వాటా ఉంటే, ఆ వాటాకు వచ్చిన పరిహారం అమెరికాకు భూమి అమ్మినట్టే.

ప్రవాసులకు ఎంతో ఇష్టమైన ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. బ్యాంకు మేనేజరు చెప్పే ఈ మాట సగం నిజం. అమెరికాలో అది ఏటా చూపాల్సిన వడ్డీ. పీపీఎఫ్ వడ్డీ, ఎల్‌ఐసీ మెచ్యూరిటీ సొమ్ములో లాభం కూడా అంతే. మన దగ్గర బీమా అని పిలిచే ఎండోమెంట్ పాలసీలు చాలావరకు అమెరికా చట్టం చెప్పే బీమా నిర్వచనంలో ఇమడవు. పైగా విదేశీ బీమా కంపెనీకి కట్టే జీవిత బీమా ప్రీమియం మీద అమెరికాలో 1 శాతం ఎక్సైజ్ పన్ను కూడా ఉంది. మొత్తం చిన్నదే, వినగానే నవ్వు వస్తుంది, కానీ చట్టం ఉన్నది నిజం.

అన్నిటికన్నా చేదు మందు మ్యూచువల్ ఫండ్లు. 1986 నాటి పన్ను సంస్కరణ చట్టం విదేశీ పెట్టుబడి సంస్థలకు పీఫిక్ అనే ముద్ర వేసింది. అమెరికన్లు విదేశీ ఫండ్లలో డబ్బు దాచి పన్ను వాయిదా వేసుకోకుండా పెట్టిన కట్టడి అది. మన మ్యూచువల్ ఫండ్లన్నీ ఆ ముద్ర కిందికే వస్తాయి. ముందే తగిన ఎంపిక చేసుకోకపోతే, అమ్మినప్పుడు వచ్చిన లాభాన్ని దాచుకున్న ఏళ్లన్నిటికీ పంచి, గత ఏళ్ల వాటాకు అప్పటి గరిష్ఠ రేటు వేసి, ఆలస్యానికి వడ్డీ కూడా వేస్తారు. నెలకు ఐదు వేల సిప్ కోసం ఏటా ఒక్కో ఫండుకు ఒక్కో ఫారం నింపడానికి అక్కడి ఆడిటర్ (సీపీఏ) తీసుకునే ఫీజు చూస్తే సిప్ లాభం అక్కడే కరిగిపోతుంది. ఫండు కంపెనీల్లో కొన్ని అమెరికా వాసుల డబ్బు అసలు తీసుకోవు. ఈ విషయంలో నా మాట సూటిగా చెబుతాను: అమెరికా పౌరుడు భారతీయ మ్యూచువల్ ఫండు కొనవద్దు. ఇక్కడి మార్కెట్ కావాలంటే అమెరికాలోనే నమోదైన ఇండియా ఫండ్లు ఉన్నాయి, నేరుగా షేర్లు ఉన్నాయి.

పన్ను లేకపోయినా లెక్క ఉంది

అమెరికాలో పన్ను కట్టడం ఒక పని, ఖాతాలు చూపడం ఇంకో పని. రెండూ వేర్వేరు కార్యాలయాలకు. 1970 నాటి బ్యాంకు రహస్యాల చట్టం కింద వచ్చిన ఎఫ్‌బార్ అనే ఫారం ఆదాయపు పన్ను శాఖకు కాదు, ఆర్థిక నేరాలు చూసే విభాగానికి వెళ్తుంది. విదేశాల్లోని ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10 వేల డాలర్లు దాటితే ఇది పెట్టాలి. డాలరు 90 రూపాయల లెక్కన అది 9 లక్షలు. ఈ గీత దాటడానికి పెద్ద ధనవంతుడు కానక్కర్లేదు. గిద్దలూరులో నాన్న పేర ఉన్న డిపాజిట్‌కు ‘ఎవరైనా తీసుకోవచ్చు’ అని కొడుకు పేరు కలిపితే చాలు, డబ్బంతా నాన్నదే అయినా ఆ ఖాతా కొడుకు ఫారంలోకి వస్తుంది. పేరు లేకుండా సంతకం అధికారం మాత్రమే ఉన్నా వస్తుంది. అమెరికాలో పుట్టి అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పిల్లవాడి ఖాతా కూడా వస్తుంది, వాడి తరఫున తల్లిదండ్రులు పెట్టాలి.

2010లో వచ్చిన ఫాట్కా చట్టం దీని మీద ఇంకో ఫారం కలిపింది. అమెరికాలో ఉండే దంపతులకు ఏడాది చివర లక్ష డాలర్లు, విదేశంలో కాపురం ఉంటే నాలుగు లక్షల డాలర్లు దాటితే ఇది పెట్టాలి. దీని పరిధి ఖాతాలకే పరిమితం కాదు. ఎఫ్‌బార్‌లోకి రాని ప్రోనోటు అప్పు కూడా దీంట్లోకి వస్తుంది. నూటికి రెండు రూపాయల వడ్డీకి ఊళ్లో తిప్పే డబ్బు మన దగ్గర ఎంత మామూలో చెప్పనక్కర్లేదు. ఆ వడ్డీ రెండు దేశాల్లోనూ ఆదాయమే. నేరుగా చేతిలో ఉన్న బంగారం, నేరుగా పేరు మీద ఉన్న భూమి మాత్రం ఈ రెండు ఫారాల్లోకీ రావు. మన పెద్దవాళ్లకు ఈ రెండిటి మీదే నమ్మకం ఎక్కువ, ఈ ఒక్క విషయంలో ఆ నమ్మకం కలిసొచ్చింది.

“ఇంత దూరం వచ్చి ఎవరు చూస్తారు లే” అన్నది పదేళ్ల కిందటి మాట. 2015 జులై 9న భారత్, అమెరికా ఫాట్కా ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అప్పటి నుంచి ఖాతా తెరిచేటప్పుడు బ్యాంకు అడిగే స్వీయ ధ్రువీకరణ కాగితం ఉత్త లాంఛనం కాదు. అమెరికా వ్యక్తి ఖాతా అని తేలితే వివరాలు మన ప్రభుత్వం ద్వారా అక్కడికి వెళ్తాయి.

వీటిని మరిచినందుకు పడే శిక్ష ఎంతో తెలుసుకోవాలంటే బిట్నర్ కేసు చూడాలి. అలెగ్జాండ్రు బిట్నర్ రుమేనియాలో పుట్టి, అమెరికా వెళ్లి పౌరుడై, 1990లో తిరిగి రుమేనియా వచ్చి వ్యాపారాలు చేశాడు. ఖాతాలు చూపాలని తనకు తెలియదన్నాడు. ఐదేళ్ల ఫారాల్లో లెక్కకొచ్చిన 272 ఖాతాలకు ఒక్కోదానికి 10 వేల డాలర్ల చొప్పున 27.2 లక్షల డాలర్ల జరిమానా వేశారు. 2023 ఫిబ్రవరి 28న అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో, జరిమానా ఖాతాకు కాదు, ఏడాది ఫారానికి అని తీర్పు చెప్పింది. మొత్తం 50 వేల డాలర్లకు దిగింది. ఉద్దేశం లేకుండా మరిచినవాళ్లకు ఆ తీర్పు పెద్ద ఊరట. తెలిసీ దాచారని తేలితే మాత్రం ఖాతాలో ఉన్న దాంట్లో సగం దాకా పోవచ్చు. పాత తప్పు సరిదిద్దుకోవడానికి దారి ఉంది: మూడేళ్ల రిటర్నులు, ఆరేళ్ల ఎఫ్‌బార్‌లు పెట్టి, కావాలని చేయలేదని ప్రమాణం చేస్తే, విదేశంలో ఉంటున్నవాళ్లకు జరిమానా లేదు, అమెరికాలో ఉంటున్నవాళ్లకు 5 శాతం. నోటీసు రాకముందు వెళ్తేనే ఈ దారి తెరిచి ఉంటుంది.

అద్దంలో చూసినట్టు మన ప్రభుత్వమూ ఇదే అడుగుతుంది. 2015 నల్లధనం చట్టం ప్రకారం, పూర్తి స్థాయి నివాసి అయ్యాక అమెరికాలోని ఖాతాలు, షేర్లు, 401(కె) రిటైర్మెంటు ఖాతా అన్నీ మన రిటర్నులో చూపాలి. చూపకపోతే 10 లక్షల రూపాయల జరిమానా. 2024 అక్టోబరు నుంచి స్థిరాస్తి కాని ఆస్తులు 20 లక్షల లోపు ఉంటే దీని నుంచి సడలింపు ఇచ్చారు.

విమానం ఎక్కే ముందు

తిరిగొచ్చేవాళ్లకు మన చట్టం ఒక మంచి గడువు ఇచ్చింది. గడచిన 10 ఏళ్లలో 9 ఏళ్లు ప్రవాసిగా ఉన్నవాళ్లు, లేదా గడచిన 7 ఏళ్లలో ఇక్కడ 729 రోజులకు మించి లేనివాళ్లు, వచ్చాక మామూలుగా రెండేళ్లు, ఒక్కోసారి మూడేళ్లు సగం నివాసులుగానే లెక్కకొస్తారు. ఆ కాలంలో వాళ్ల అమెరికా ఆదాయం మీద ఇక్కడ పన్ను లేదు, విదేశీ ఆస్తుల పట్టిక నింపనక్కర్లేదు. లాభాల్లో ఉన్న అమెరికా షేర్లు అమ్ముకోవడానికి, రిటైర్మెంటు ఖాతాలు సర్దుకోవడానికి అదే సమయం. ఏ నెలలో దిగారన్నదీ ముఖ్యమే. అంతకుముందు ఆ ఆర్థిక సంవత్సరంలో ఇటు రానివాళ్లు ఫిబ్రవరిలో దిగితే, 60 రోజులు నిండకముందే మార్చి 31 వస్తుంది, ఆ ఏడాదికి ప్రవాసిగానే మిగులుతారు.

ఈ గడువు డాలరు జీతానికీ వర్తిస్తుందని ఒక పెద్ద అపోహ ఉంది. మార్కాపురంలో ఇంట్లో కూర్చుని అమెరికా కంపెనీకి పని చేస్తే, జీతం డాలర్లలో అక్కడి ఖాతాలో పడినా అది ఇక్కడ సంపాదించిన ఆదాయమే. పని ఎక్కడ జరిగిందన్నదే లెక్క. సగం నివాసికైనా ఇక్కడ పన్ను ఉంది, కోత పెట్టే యజమాని ఇక్కడ లేడు కాబట్టి ముందస్తు పన్ను తానే కట్టుకోవాలి. ఆ పన్నును అమెరికాలో తగ్గించుకోవచ్చు. విదేశంలో సంపాదించిన ఆదాయంలో 2025కు 1,30,000 డాలర్ల దాకా అసలు మినహాయించే ఇంకో పద్ధతి కూడా ఉంది. 12 నెలల్లో 330 రోజులు విదేశంలో ఉంటే చాలు. వినడానికి ఇదే బాగుంటుంది. కానీ దీన్ని ఎంచుకుంటే పిల్లల పేర వచ్చే పన్ను క్రెడిట్‌లో చేతికి వచ్చే భాగం పోతుంది. ఇద్దరు ముగ్గురు అమెరికా పిల్లలున్న ఇంట్లో, ఇక్కడ బాగానే పన్ను కడుతున్నప్పుడు, చాలాసార్లు ఇక్కడి పన్నును అక్కడ తగ్గించుకునే పద్ధతే లాభం. రెండూ వేసి చూడకుండా ఒకటి చెప్పే సలహాదారును మార్చుకోవాలి.

సామాజిక భద్రత విషయంలో రెండు దేశాల మధ్య ఒప్పందం లేదు. అందువల్ల ఇక్కడ సొంతంగా కన్సల్టింగ్ చేసుకునే అమెరికా పౌరుడు ఆదాయపు పన్ను ఏమీ లేకపోయినా 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను అక్కడ కట్టాల్సి వస్తుంది. పదేళ్ల పని పూర్తయి సోషల్ సెక్యూరిటీ అందుకునేవాళ్లకు మాత్రం ద్వంద్వ పన్నుల ఒప్పందం మేలు చేసింది, ఆ పింఛను మీద పన్ను వేసే హక్కు అమెరికాకే ఉంది. ఇక్కడి ఆడిటర్లలో కొందరు దాన్ని కూడా ఇక్కడి ఆదాయంలో కలిపేస్తుంటారు. 401(కె), ఐఆర్‌ఏ ఖాతాల్లో ఏటా పెరిగే సొమ్మును తీసుకున్నప్పుడే పన్ను లెక్కలోకి తెచ్చుకునే వీలు 2021 ఆర్థిక చట్టం నుంచి మన దగ్గర ఉంది, దానికి మొదటి ఏడాదే ఫారం పెట్టాలి. తీసుకునేటప్పుడు అమెరికాలో పన్ను లేని రాత్ రిటైర్మెంటు ఖాతాకు ఈ వీలు లేదు.

అమెరికాలోని ఇల్లు కూడా వచ్చే ముందే చూసుకోవాలి. అమ్మకానికి ముందు ఐదేళ్లలో రెండేళ్లు అందులో ఉంటే దంపతులకు 5 లక్షల డాలర్ల దాకా లాభం మీద అక్కడ పన్ను లేదు. అద్దెకిచ్చి వచ్చేసి నాలుగేళ్ల తర్వాత అమ్మితే ఆ మినహాయింపు పోతుంది, అప్పటికి ఇక్కడా పన్ను పడుతుంది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఇక్కడి ఆసుపత్రుల్లో చెల్లదు. అలాగని అందులోని పార్ట్ బి వదిలేస్తే, మళ్లీ చేరేటప్పుడు వదిలిన ప్రతి 12 నెలలకు 10 శాతం చొప్పున ప్రీమియం జీవితాంతం పెరిగి ఉంటుంది. ఒంగోలు, గుంటూరు ఆసుపత్రుల ఖర్చుకు ఇక్కడి ఆరోగ్య బీమా వేరుగా, అరవై దాటకముందే తీసుకోవడం మంచిది.

నాన్న రాసే కాగితం

ఈ మొత్తం విషయంలో అతి పెద్ద డబ్బు తేడా తెచ్చేది ఏ ఫారమూ కాదు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నాన్న పెట్టే సంతకం. బతికుండగానే పిల్లలకు పంచేసి దాన సెటిల్‌మెంటు రాయడం మన దగ్గర ఆనవాయితీ. ఊళ్లో గొడవలు రాకుండా అది మంచిదే. అమెరికాలో ఉన్న కొడుకు విషయంలో మాత్రం అది రెండు విధాలా తప్పు.

మొదటిది, విదేశీ మారక నిర్వహణ చట్టం (ఫెమా) నిబంధనలు. ప్రవాసి, ఓసీఐ కార్డు ఉన్నవాడు సాగుభూమి కొనకూడదు, దానంగా కూడా తీసుకోకూడదు. వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు. అమెరికా వెళ్లకముందు ఇక్కడ నివాసిగా ఉన్నప్పుడు వచ్చినదైనా ఉంచుకోవచ్చు. అమ్మేటప్పుడు ఇక్కడ ఉండే భారత పౌరుడికే అమ్మాలి. ఇంటి స్థలానికి, ఇంటికి ఈ ఆంక్ష లేదు.

రెండోది, అమెరికా లెక్క. దానంగా వస్తే దాత కొన్న ధరే కొడుకు కొన్న ధర. వారసత్వంగా వస్తే తండ్రి పోయిన రోజు మార్కెట్ విలువే కొడుకు కొన్న ధర. ఉదాహరణకు 1995లో ఎకరం 40 వేల చొప్పున ఐదెకరాలు కొన్నారనుకుందాం. అప్పటి మారకం ప్రకారం అది సుమారు 6 వేల డాలర్లు. తండ్రి పోయిన నాటికి దాని విలువ కోటి, ఆ తర్వాత అమ్మితే వచ్చింది కోటీ పది లక్షలు. వీలునామా ద్వారా వస్తే అమెరికాలో లాభం పది లక్షలు, 15 శాతం లెక్కన పన్ను లక్షన్నర. దానంగా రాయించుకుని ఉంటే దాదాపు మొత్తం సొమ్మూ లాభమే, పన్ను 15 లక్షలు దాటుతుంది. పట్టణానికి దూరంగా ఉన్న పొలం కాబట్టి ఇక్కడ కట్టింది ఏమీ లేదు, తగ్గించుకోవడానికీ ఏమీ లేదు. పైగా ఫెమా ఉల్లంఘన. వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయించుకుంటే తగాదా తగ్గుతుంది. తండ్రి పోయాక ఆ రోజు విలువకు ఒక వాల్యుయేషన్ కాగితం తీసి పెట్టుకోవాలి. పదేళ్ల తర్వాత అమ్మేటప్పుడు దానికోసం వెతికితే దొరకదు. రాసేముందు ఆ భూమి అసైన్డ్ కాదని, చుక్కల భూముల జాబితాలో లేదని చూసుకోవడం ఎలాగూ ఉండనే ఉంది.

ఆడపిల్లల వాటా ఇంకో ముడి. 1986లో మన రాష్ట్రం, 2005లో దేశం మొత్తం ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కు ఇచ్చాయి. అమెరికాలో ఉన్న అక్క “నాకెందుకులే, తమ్ముడికే ఉండనీ” అని హక్కు విడుదల రాసిస్తుంది. మనసు మంచిదే. అమెరికా పౌరురాలు ఫలానా తమ్ముడికి అని పేరు పెట్టి వదులుకుంటే అక్కడి చట్టం దాన్ని దానం అంటుంది. 2025లో ఒకరికి 19 వేల డాలర్లు దాటిన దానానికి ఫారం పెట్టాలి. జీవితకాల మినహాయింపు పెద్దది కాబట్టి పన్ను పడదు, ఫారం తప్పదు. తండ్రి పోయిన తొమ్మిది నెలల్లోపు, ఏ లబ్ధీ తీసుకోకుండా, ఎవరి పేరూ చెప్పకుండా నిరాకరిస్తే అది దానం కింద రాదు.

ఇక్కడి అమ్మానాన్నలు పొలం అమ్మి కొడుక్కి పంపినా, వారసత్వంగా డబ్బు అందినా, ఏడాదిలో లక్ష డాలర్లు దాటితే కొడుకు అమెరికాలో ఇంకో ఫారం పెట్టాలి. పన్ను లేదు. పెట్టకపోతే ఆ మొత్తంలో 25 శాతం దాకా జరిమానా. ఇక్కడి నుంచి సొంత ఆస్తి డబ్బు పట్టుకుపోవడానికి ఎన్‌ఆర్‌ఓ ఖాతా ద్వారా ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా అనుమతి ఉంది, ఆడిటర్ ధ్రువీకరణతో. ఇంటి స్థలం లాంటి పన్ను పడే ఆస్తిని ప్రవాసి అమ్మితే కొనేవాడు లాభం మీద కాక మొత్తం ధర మీద పన్ను కోయాలి. ముందే తక్కువ కోతకు సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే డబ్బు ఏడాదిపాటు ఇరుక్కుంటుంది.

అమెరికా పౌరసత్వం తీసుకోకుండా తిరిగొచ్చినవాళ్లకు వేరే గుంట ఉంది. అమెరికా షేర్లు, 401(కె) అక్కడే వదిలి వచ్చి ఇక్కడ కన్నుమూస్తే, విదేశీయుడి అమెరికా ఆస్తికి 60 వేల డాలర్లు దాటిన దాని మీద 40 శాతం దాకా ఎస్టేట్ పన్ను. పౌరుడికైతే 2025లో 1.399 కోట్ల డాలర్ల దాకా లేదు. మన దేశంలో 1985లో ఎస్టేట్ సుంకం రద్దయింది, ఈ పన్ను మీద రెండు దేశాలకూ ఒప్పందం లేదు. ఈ ప్రాంతపు చాలా కుటుంబాల్లో హెచ్1 వీసా మీద పదేళ్లు ఉండి వచ్చేసినవాళ్ల షేర్లు అక్కడే పడి ఉన్నాయి. వాటిని చూసుకోవాల్సింది బతికుండగానే.

సలహా ఎవరిని అడగాలన్నది చివరి చిక్కు. ఒంగోలు ఆడిటర్‌కు మన చట్టం తెలుసు, డల్లాస్ సీపీఏకు వాళ్ల చట్టం తెలుసు. ఇద్దరూ తమ తమ దేశంలో పన్ను తగ్గించే పనిలోనే ఉంటారు, ఒకరు తగ్గించిన చోట ఇంకొకరి దగ్గర పెరుగుతుందని ఇద్దరికీ పట్టదు. ఇద్దర్నీ ఒకే ఫోను కాల్‌లో కూర్చోబెట్టడం ఒక్కటే మార్గం, అది కూడా రిజిస్ట్రేషన్ తేదీ ఖరారు కాకముందు. కొడుకో కూతురో అమెరికాలో ఉండి, పొలం పంపకం ఆలోచిస్తున్న తండ్రులకు ఒక మనవి: దాన సెటిల్‌మెంటు కాగితం పక్కన పెట్టండి, వీలునామా రాయించండి, ఈ వారమే మీ బ్యాంకు ఖాతాల్లో పిల్లల పేర్లు ఎక్కడెక్కడ కలిపి ఉన్నాయో పాసుపుస్తకాలు తీసి చూసి వాళ్లకు చెప్పండి. వాళ్ల ఎఫ్‌బార్ గడువు ఏప్రిల్ 15, అది దాటితే దానంతటదే అక్టోబరు 15 దాకా ఉంటుంది.